యునీక్ రెక్టాంగిల్‌తో తేల్చేస్తే సుడోకు సాల్వ్ చేసినట్టేనా?

చతురస్రం:
నిన్న నేను పెట్టిన పజిల్‌కి ఒకరు "యూఆర్ టైప్ 1, ఇక అంతా సింగిల్సే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. యూఆర్ అంటే యునీక్ రెక్టాంగిల్, సింగిల్ అంటే ఒక్క అంకెకే వీలున్న గడి. నాకు మింగుడుపడలేదు. ఎందుకో చెప్తా, కాదనేవాళ్లు కాదనండి.

చూడనివాళ్ల కోసం (ఆర్ అడ్డు వరస, సీ నిలువు వరస; ఆర్4సీ2 అంటే నాలుగో అడ్డు, రెండో నిలువు కలిసే గడి): ఆర్4సీ2, ఆర్4సీ8, ఆర్5సీ2 మూడింట్లోనూ మిగిలినవి 3, 7 మాత్రమే. నాలుగో మూల ఆర్5సీ8లో 3, 7, 9. నాలుగూ ఖాళీగా ఇచ్చిన గళ్లే. రెండు అడ్డు వరసలు, రెండు నిలువు వరసలు, రెండే బాక్సులు (3×3 గళ్ల చదరాలు). ఆర్5సీ8లో 9 రాకపోతే నాలుగు మూలల్లోనూ 3, 7లే ఉంటాయి. వాటిని అటుదిటు మార్చినా ఏ వరసా చెడదు, ఏ బాక్సూ చెడదు. అంటే జవాబులు రెండు. సుడోకుకి రెండు జవాబులు ఉండకూడదు గనక 9 పెట్టేయడమే. ఇదీ ఆయన వాదన.

నా గొడవంతా ఆ ఆఖరి మెట్టు దగ్గరే. అడ్డంగా, నిలువుగా, బాక్సులో 1 నుంచి 9 ఒక్కోసారి రావాలి; ఆటకున్న నియమాలు ఇవే. జవాబు ఒక్కటే ఉంటుందన్నది పజిల్ కట్టినవాడు మనకిచ్చే మాట. ఎక్స్-వింగ్, స్వోర్డ్‌ఫిష్, ఎక్స్‌వై-వింగ్, ఏ టెక్నిక్ అయినా గళ్లలో ఉన్నదాన్నిబట్టే నడుస్తుంది. యూఆర్ మాత్రం కట్టినవాడి మీద నమ్మకంతో నడుస్తుంది. రేపు వాడు తప్పు కడితే మన 9 ఏమవ్వాలి?

నల్లపెన్ను:
చతురస్రం గారూ, ఆ మాటను తీసేస్తే మీ చేతిలో పజిలే మిగలదు. ఇచ్చిన అంకెల్లో 9 రకాలకి కనీసం 8 రకాలు కనబడాలి. ఎందుకు? 7 రకాలే ఉంటే, కనబడని రెండు అంకెలనూ పూర్తయిన గ్రిడ్‌లో ఒకదాని బదులు ఇంకొకటి వేసుకోవచ్చు, రెండో జవాబు రెడీ. అలాగే పై మూడు అడ్డు వరసల్లో రెండు పూర్తిగా ఖాళీగా ఇచ్చారనుకోండి, ఆ రెండు వరసలనూ తారుమారు చేస్తే సరి. కట్టేవాడు ఇవన్నీ చూసుకునే కడతాడు. ఆ లెక్కను కట్టేవాడు వాడితే నైపుణ్యం, విప్పేవాడు వాడితే దొంగతనమా?

ఒకే జవాబు రావాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలన్న సంగతి అందరికీ తెలిసిందే. 16 అంకెలతో ఒకే జవాబున్న సుడోకు కుదరదని 2012లో డబ్లిన్‌లో గణితవేత్త మెక్‌గైర్ బృందం కంప్యూటర్ చేత వెతికించి తేల్చింది. ఆ వెతుకులాటకి ఆధారం కూడా ఇలా తారుమారు చేయగల గళ్ల గుంపులే. ప్రతి గుంపులోనూ కనీసం ఒక గడిలో అంకె ఇచ్చి ఉండాలి, లేకపోతే జవాబులు రెండవుతాయి. మీ యూఆర్ ఆ గుంపుల్లో అన్నిటికంటే చిన్నది, నాలుగు గళ్లది. గణితం చేసేవాళ్లకి ఒప్పయింది మనకి తప్పెలా అయింది?

చతురస్రం:
వాళ్లు జవాబు ఒక్కటేనా అన్నదాన్ని పరీక్షించడానికి వాడారు. మీరు ఒక్కటేనని అనుకుని మొదలెడుతున్నారు. రెండూ ఒకటి కాదు సార్.

బెజవాడ_బాబాయి:
మీ రూల్సూ గీల్సూ నాకెందుకుగానీ, ఒక సంగతి చెప్తా వినండి. మా అపార్ట్‌మెంట్ వాళ్లు ఉగాదికి చిన్న సంచిక వేస్తారు. అందులో ఓ సుడోకు పెట్టారు, మొదట సరైన జవాబిచ్చినవాళ్లకి బహుమతి. ఎవరో కుర్రాడు ఎక్కడో దొరికిన పజిల్ తీసుకుని, మరీ తేలిగ్గా ఉందని రెండంకెలు చెరిపేశాట్ట. ఇద్దరు జవాబులు పంపారు. 81 గళ్లలో 77 ఒకటే, నాలుగు గళ్లలో మాత్రం ఒకరిది 3-7, ఇంకొకరిది 7-3. రెండూ రైటే! కమిటీలో కుస్తీ. చివరికి చీరల పెట్టె ఒకరికి, స్వీట్ ప్యాకెట్ ఒకరికి.

తమాషా ఏంటంటే, యూఆర్ తెలిసిన మా పక్కింటబ్బాయికి అసలు జవాబే రాలేదు. మూడు మూలల్లో 3, 7 చూసి నాలుగోదాంట్లో మూడో అంకె పెట్టాడు, అక్కణ్నుంచి నాలుగు అడుగులు వేయగానే ఒకే బాక్సులో రెండు 6లు పడ్డాయి. పజిల్ తప్పని గోలపెడితే ఎవరూ నమ్మలేదు పాపం.

పెన్సిల్‌మార్కు:
బాబాయ్ గారి కథలో సారం అదే. ఇలాంటి తప్పు పజిల్ మీద యూఆర్ వాడితే తప్పు జవాబు రాదు, దారి మూసుకుపోతుంది. ఎక్స్-వింగ్‌లతో వెళ్లినవాడు కూడా ఆ నాలుగు గళ్ల దగ్గర ఆగిపోయేవాడే. 3, 7ల్లో ఒకటి ఊహించి పెట్టేసి "అయిపోయింది" అని పంపాడంతే. జవాబులు పంపిన ఇద్దరిలో ఒక్కరూ లాజిక్‌తో ఆఖరిదాకా వెళ్లలేదు, వెళ్లే వీలే లేదు.

చతురస్రం గారి పజిల్‌కి వస్తాను. యూఆర్ లేకుండా ఆ 9 తెచ్చుకోవచ్చు. నిన్న రాత్రి కూర్చుని చూశాను. ఐదో అడ్డు వరసలో 9కి రెండే చోట్లు: ఆర్5సీ4, ఆర్5సీ8. కింది ఆరు గళ్లు చూడండి, అన్నింట్లోనూ రెండేసి అంకెలే:

ఆర్8సీ4లో 1, 9. ఆర్8సీ7లో 1, 6. ఆర్9సీ8లో 6, 4. ఆర్1సీ8లో 4, 9. ఆర్1సీ5లో 9, 5. ఆర్2సీ4లో 5, 9.

ఆర్8సీ4 9 కాదనుకోండి. అప్పుడది 1, అదే అడ్డు వరసలో ఆర్8సీ7 6, అదే బాక్సులో ఆర్9సీ8 4, అదే నిలువులో పైన ఆర్1సీ8 9, అదే వరసలో ఆర్1సీ5 5, అదే బాక్సులో ఆర్2సీ4 9. అంటే ఆర్8సీ4, ఆర్2సీ4 రెండిట్లో ఒకటి కచ్చితంగా 9. రెండూ నాలుగో నిలువులోవే. కాబట్టి అదే నిలువులో ఉన్న ఆర్5సీ4 9 కాలేదు. మిగిలింది ఆర్5సీ8. శుద్ధమైన ఎక్స్‌వై-చెయిన్, ఎవరి మాటనీ నమ్మక్కర్లేదు.

జవాబు నిజంగా ఒక్కటే అయినచోట యూఆర్ చెప్పే ఏ సంగతినైనా ఇలా వేరే దారిలో రాబట్టొచ్చు, ఎంత పొడుగైనా సరే. అందుకే నాకిది న్యాయాన్యాయాల గొడవలా అనిపించదు. యూఆర్ దగ్గరి దారి. దగ్గరి దారిలో వచ్చినవాడు ఆ సంగతి చెప్తే చాలు.

నల్లపెన్ను:
ఆరు గళ్ల చెయిన్ వెతకడానికి రాత్రంతా కూర్చున్నారు, నాలుగు గళ్లు చూసి నేను లేచిపోయాను. ఎవరు తెలివైనవాళ్లో జనమే చెప్పాలి :)

పెన్సిల్‌మార్కు:
రాత్రంతా అనలేదండీ, కాఫీ చల్లారేలోపు.

గోవా2008:
పోటీల కోణం ఒకటి మర్చిపోతున్నారు. ప్రపంచ సుడోకు పోటీ 2008లో గోవాలో జరిగింది, 2017లో బెంగళూరులో. అక్కడ చూసేది నిండిన గ్రిడ్‌నే, ఎలా నింపారన్నది కాదు. యూఆర్ వాడినా ఊహించినా మార్కులవే. గడియారం పరుగెడుతుంటే ఆరు గళ్ల చెయిన్ వెతికేవాణ్ని నేను చూడలేదు.

ఇంకోటి. సుడోకు ఎక్స్‌ప్లెయినర్ అనే ప్రోగ్రామ్ పజిల్స్‌కి కష్టం లెక్కగట్టి నంబర్ ఇస్తుంది. ఎక్స్-వింగ్‌కి 3.2, ఎక్స్‌వై-వింగ్‌కి 4.2, యూఆర్‌కి 4.5 నుంచి మొదలు. అంటే వాళ్లు యూఆర్‌ని లెక్కలోకి తీసుకునే కష్టం కొలుస్తున్నారు. అది వాడనని ఒట్టేసుకున్నవాడికి అదే పజిల్ చాలా కష్టమైపోవచ్చు. మీరు యూఆర్ వద్దంటే "ఇది 4.5 పజిల్" అన్న మాట కూడా మానేయాలి మరి.

చతురస్రం:
రెండో పాయింట్ బరువైనదే, ఒప్పుకుంటాను. మొదటిది కాదు. పోటీలో ఊహించి నింపినా మార్కులొస్తాయి. అలాగని ఊహించడాన్ని ఎవరూ టెక్నిక్ అనరు. నేనడుగుతున్నది గెలవడం గురించి కాదు, ఎందుకు 9 అని ఎదుటివాడికి చూపించగలగడం గురించి. పెన్సిల్‌మార్కు గారు చూపించారు. ఆ ఆరు గళ్లూ చదివాక "ఎందుకు?" అని ఎవరూ అడగలేరు. యూఆర్ చదివాక మాత్రం ఇంకో ప్రశ్న మిగులుతుంది: జవాబు ఒక్కటేనని ఎవరు చెప్పారు?

నల్లపెన్ను:
పజిల్ పెట్టిన మీరే చెప్పారు! "ఒకే జవాబు, సరిచూశాను" అని పజిల్ కిందే రాశారు, పైకెళ్లి చూసుకోండి. అది మీరిచ్చిన సమాచారం. ఇచ్చిన అంకెలు ఎంతో అదీ అంతే. వాడొద్దనుకుంటే ఎందుకు రాశారు?

చతురస్రం:
అది పజిల్ చెడిపోలేదని చెప్పడానికి రాశాను, సూచనగా వాడుకోమని కాదు. సరే, ఇకమీద రాయను.

డయాగ్నల్_పిచ్చి:
రాయకపోతే ఎవరూ మీ పజిల్ ముట్టరు సార్. ఈ గొడవ ఎలా తేలినా ఒక జాగ్రత్త మాత్రం అందరికీ. డయాగ్నల్ సుడోకులో (రెండు మూలగీతల్లోనూ 1 నుంచి 9 ఒక్కోసారి రావాల్సిన రకం) యూఆర్‌ని కళ్లు మూసుకుని వాడకండి. నాలుగు మూలల్లో ఒకటి మాత్రమే డయాగ్నల్ మీద ఉందనుకోండి, 3, 7 అటుదిటు మారిస్తే డయాగ్నల్‌లో 3 పోయి 7 వస్తుంది, అక్కడ 7 ఇంకోచోట ఉండే ఉంటుంది. అంటే తారుమారు చెల్లదు, రెండో జవాబు లేదు, వాదనే కూలిపోతుంది. కిల్లర్‌లో కేజ్ మొత్తాలతో (గీత గీసిన గళ్ల గుంపులోని అంకెలు కూడితే రావాల్సిన మొత్తం) కూడా అంతే. మామూలు సుడోకులోనూ నాలుగు మూలలు నాలుగు బాక్సుల్లో పడితే యూఆర్ లేదు. కొత్తవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

పెన్సిల్‌మార్కు:
ఇది బాగా చెప్పారు. చతురస్రం గారూ, మనమొక పద్ధతి పెట్టుకుందామా? జవాబు రాసేటప్పుడు యూఆర్, బగ్+1 లాంటివి, అంటే జవాబు ఒక్కటేనన్న నమ్మకం మీద నడిచే టెక్నిక్‌లు, వాడితే ఆ మెట్టు పక్కన చుక్క గుర్తు పెట్టడం. చుక్క లేని దారి కావాలన్నవాళ్లు అది వెతుక్కుంటారు.

చతురస్రం:
నాకు ఓకే. చుక్క ఉన్న జవాబును నేను "పూర్తి" అని ఒప్పుకోను, అది వేరే సంగతి.

నల్లపెన్ను:
నాకూ ఓకే. చుక్క లేకుండా నలభై మెట్లు రాసినవాళ్లది నేను చదవను, అదీ వేరే సంగతి.

బెజవాడ_బాబాయి:
మరి నాదో డౌటు. నేను పేపర్లో పెన్నుతో నింపేస్తాను. మూడు మూలల్లో నేనే 3, 7, 7 రాసేశాను, నాలుగోదాంట్లో 3 వస్తే మళ్లీ ఆ రెండు జవాబుల గొడవే కదా, అందుకని 3 కొట్టేయొచ్చా?

పెన్సిల్‌మార్కు:
కొట్టేయొచ్చు బాబాయ్ గారూ, రెండే బాక్సుల్లో ఉంటే. దాన్నే అవాయిడబుల్ రెక్టాంగిల్ అంటారు. కానీ మూడింట్లో ఒక్కటి కూడా పేపర్‌వాడు అచ్చువేసి ఇచ్చిన అంకె కాకూడదు. ఇచ్చిన అంకె కదలదు, కదలనిదాంతో తారుమారు కుదరదు. వేరే కాగితం మీదకి ఎత్తి రాసుకుని చేసేటట్టయితే ఇచ్చిన అంకెలకి సున్నా చుట్టుకోండి. ఇక చుక్క గుర్తు దీనికీ పెట్టాల్సిందే.

బెజవాడ_బాబాయి:
సరే, చుక్క పెడతా. ఈ ఏడాది సంచికకి పజిల్ మాత్రం మీలో ఎవరైనా కట్టి పంపండి.