సెనెగల్, గాంబియా వాళ్ల పరాచికాల్లో మనం దూరొచ్చా?

పశ్చిమ ఆఫ్రికాలో, సెనెగల్ రాజధాని డాకర్‌లోనో గాంబియా రాజధాని బంజుల్‌లోనో ఉన్న మనవాళ్లు కాస్త చెప్పండి. మా ఆఫీసులో సెనెగల్ నుంచి సెరేర్ తెగ ఆయన ఒకరు, గాంబియా నుంచి జోలా తెగ ఆయన ఒకరు ఉన్నారు, పొద్దున్నే ఎదురుపడితే చాలు "నువ్వు నా బానిసవి", "నీకు అన్నం తప్ప ఇంకో యావ లేదు" అని మొహం మీదే అనుకుని పగలబడి నవ్వుతారు. సెరేర్, జోలాల మధ్య ఇలాంటి వేళాకోళం వరస ఎప్పట్నుంచో ఉంది, మన బావాబావమరుదుల్లాగే, దానికి సరిహద్దు అడ్డు కాదు. 1982లో రెండు ప్రభుత్వాలూ కలిసి పెట్టుకున్న సెనెగాంబియా కాన్ఫెడరేషన్ అనే రెండు దేశాల కూటమేమో 1989కే రద్దయిపోయింది! ఇప్పుడు జోలా ఆయన పాపకి పేరు పెట్టే వేడుకకు నన్ను పిలిచాడు. అక్కడ నన్నూ ఏదో ఒకటి అంటారు, ఖాయం. తిరిగి అనొచ్చా, నవ్వి ఊరుకోవాలా? చేతిలో డబ్బు పెడితే బాగుంటుందా, బట్టలు తీసుకెళ్లాలా?