షాట్‌కట్‌లో ఫేడ్ పెడితే క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్యలో నల్లగా అయితాంది, టైటిల్ కూడా నల్లబడతాంది, ఎట్ల సరిచేసేది?

కడప_కుర్రోడు

అందరికీ నమస్తే. ఒంటిమిట్ట కోదండరామస్వామి కల్యాణానికి ఇంటిల్లిపాదీ పోయినాం, మా జేజి ఒక్కతే మోకాళ్ల నొప్పులతో రాలేకపోయింది, అందుకే మావాళ్లందరి ఫోన్లలో ఉన్న క్లిప్పులన్నీ కలిపి ఆమెకి చూపియ్యాలని వీడియో చేస్తాండా. షాట్‌కట్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడతాండా. క్లిప్పు మూలలో కనపడే చిన్న గుండ్రాన్ని పట్టుకొని లాగి అన్నిటికీ ముందొక ఫేడ్ (బొమ్మ మెల్లగా తేలి రావడం) వెనకొక ఫేడ్ (మెల్లగా మాయమవడం) పెట్టినా, ఇప్పుడు చూస్తే ప్రతి కట్ దగ్గరా కరెంటు పోయి వచ్చినట్టు ఉంది. అసలే అది రాత్రిపూట వెన్నెల్లో జరిగే కల్యాణం కదా, చుట్టూ చీకటే, ఇంకా ఎక్కువ తెలుస్తాంది.

ఇంకోటి, గోపురం మీద "శ్రీ సీతారాముల కల్యాణం" అని పసుపు రంగులో టైటిల్ పై ట్రాక్‌లో (వీడియో మీది పొరలో) పెట్టినా. మెల్లగా తేలి రావాలని ఫేడ్ ఇన్ పెడితే అక్షరాలు ముందు నల్లగా కనపడి తర్వాత పసుపుకి తిరుగుతాండాయి. సన్నాయి కూడా క్లిప్పు మారినప్పుడల్లా టప్ మని తెగుతాంది. ఎవరన్నా చెప్పండి అన్నా.

ప్రొద్దుటూరు_ఫ్రేమ్స్

తమ్ముడూ, టైటిల్ సంగతి ముందు చెప్తా, అది తేలిక. టైటిల్ క్లిప్పు మీద క్లిక్ చేసి ఫిల్టర్స్ ప్యానెల్ తెరువు, ఫేడ్ ఇన్ వీడియో అనే ఫిల్టర్ ఉంటుంది, అందులో "అడ్జస్ట్ ఓపాసిటీ ఇన్‌స్టెడ్ ఆఫ్ ఫేడ్ విత్ బ్లాక్" అని ఒక టిక్ పెట్టే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టు. మామూలుగా ఫేడ్ అంటే అది నలుపులోంచి రంగుకి తెస్తుంది, అందుకే నీ అక్షరాలు నల్లగా మొదలైతాండాయి. టిక్ పెడితే నలుపు జోలికి పోకుండా పారదర్శకంగా ఉన్నది మెల్లగా నిండుగా అయితుంది, కింద గోపురం అట్లే కనపడుతుంది. ఫేడ్ అవుట్‌కి కూడా విడిగా పెట్టాల, ఒకదానికి పెడితే రెండోదానికి రాదు. పై ట్రాక్‌లో పెట్టే లోగో, ఫొటో ఏదైనా ఇదే పద్ధతి.

ఇంక కట్‌ల దగ్గర నలుపు. ఒక క్లిప్పు నల్లబడి, తర్వాతది నలుపులోంచి లేస్తాంది, మధ్యలో కచ్చితంగా చీకటి వస్తుంది మరి. నీకు కావాల్సింది డిజాల్వ్, అంటే ఒక బొమ్మ మాయమైతా ఉండగానే రెండోది దానిమీద తేలి రావడం. ముందు ఆ ఫేడ్ ఫిల్టర్లన్నీ తీసేయి. రిపుల్ (ఒక క్లిప్పు జరిపితే వెనకవి కూడా జరిగేది) ఆన్ చేసుకొని రెండో క్లిప్పుని ఎడమకి జరిపి మొదటి క్లిప్పు తోక మీదికి ఎక్కించు, ఒకటి మీద ఒకటి పడిన చోట ఇంటూ గుర్తులాంటి గీతలతో ఒక ముక్క తయారైతుంది, అదే ట్రాన్సిషన్. ఎంత ఎక్కిస్తే అంతసేపు. ఫోన్ వీడియోలు ఎక్కువగా 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు, అంటే 30 బొమ్మలు) కాబట్టి 30 ఫ్రేములంటే ఒక సెకను, 15 ఫ్రేములు చాలు నన్నడిగితే. ఆ ముక్క మీద నొక్కి ప్రాపర్టీస్ చూడు, వీడియోకి డిజాల్వ్ ఉండాల.

ఒక్కటి గుర్తుపెట్టుకో, ఎక్కించినంత మేర వీడియో పొట్టిదైతుంది, ఇరవై చోట్ల అర సెకను చొప్పున ఎక్కిస్తే పది సెకన్లు పోతాయి. కింద పాట ముందే పెట్టుకొని ఉంటే మొత్తం తప్పుతుంది. అందుకే బొమ్మ పని అంతా అయినాకే పాట పెట్టాల. ఇంకా, మాంగల్యధారణ క్షణం ఆ కలిసే ముక్కలో పడకుండా చూసుకో, రెండు బొమ్మలు కలిసిపోయి అసలుది కనపడదు.

నలుపు ఫేడ్ మాత్రం పూర్తిగా తీసేయొద్దు, మొదట్లో, చివర్లో, బస్సులో పోయే క్లిప్పుల నుంచి రాత్రి కల్యాణ వేదిక దగ్గరికి వచ్చే చోట పెట్టు. కాలం మారింది అని చూసేవాళ్లకి దానంతట అదే తెలుస్తుంది.

అనంతపురం_అక్క

సన్నాయి గురించి నేను చెప్తా నాయనా. బొమ్మకి ఫేడ్ వేరే, శబ్దానికి ఫేడ్ వేరే, రెండూ కలిపి ఆలోచించొద్దు. వేదిక దగ్గర అందరూ ఒకే మేళం తీసినారు కదా, వాటిల్లో శబ్దం బాగా వచ్చిన ఒక పొడుగు క్లిప్పు పట్టుకో, రైట్ క్లిక్ చేసి డిటాచ్ ఆడియో కొట్టు, శబ్దం కింద ఆడియో ట్రాక్‌లోకి దిగుతుంది. ఆ ఒక్కదాన్నే తెగకుండా పారనిచ్చి పైన బొమ్మలు మార్చుకుంటూ పో, మిగతా క్లిప్పుల శబ్దం ఆపెయ్. డోలు దెబ్బ వేవ్‌ఫామ్‌లో (శబ్దాన్ని గీతలుగా చూపే బొమ్మలో) నిక్కినట్టు కనపడుతుంది, వేరే ఫోన్ క్లిప్పుని ఆ దెబ్బకి దెబ్బ కలిపి జరిపితే చేతి కదలిక కూడా సరిపోతుంది. ఫోన్ వీడియోల్లో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, ఫైల్ తెరిచేటప్పుడు ఎడిట్ ఫ్రెండ్లీకి (ఎడిటింగ్‌కి అనువైన రకానికి) కన్వర్ట్ చేస్తావా అని అడిగితే చెయ్యి, లేకుంటే బొమ్మకీ శబ్దానికీ పొంతన పోనుపోను జారుతుంది.

టప్ మనేది శబ్దపు అల మధ్యలో తెగినందువల్ల. రెండు మూడు ఫ్రేముల ఆడియో ఫేడ్ పెడితే పోతుంది, చెవికి ఫేడ్ ఉన్నట్టు కూడా తెలియదు. చివర్లో మాత్రం రెండు మూడు సెకన్లు పెట్టు. ఇంకా బాగుండాలంటే బస్సు బొమ్మ నల్లబడేలోపే సన్నాయి మెల్లగా మొదలుకానీ, చీకట్లో సన్నాయి వినపడి తర్వాత వేదిక కనపడితే ఎంత బాగుంటుందో చూడు.

బురుజు_కర్నూలు

నేనైతే కల్యాణం జరిగేచోట డిజాల్వ్ కూడా వద్దంటా బ్రో. తలంబ్రాలు పోసేటప్పుడు, జనం చేతులు జోడించేటప్పుడు డోలు దెబ్బ మీద నేరుగా కట్ చెయ్యి, ప్రాణం ఉంటుంది. డిజాల్వ్ ఎక్కువైతే అంతా మెత్తగా అయిపోతుంది.

ప్రొద్దుటూరు_ఫ్రేమ్స్

కర్నూలు అన్న చెప్పింది తలంబ్రాలకి ఒప్పుకుంటా. గోపురం, దీపాలు, పూల అలంకారం, ఇట్ల నెమ్మదిగా చూపించేవాటికి డిజాల్వే అందం.

కడప_కుర్రోడు

టైటిల్ సరిపోయిందన్నా, పసుపులోనే తేలి వస్తాంది, శానా థ్యాంక్స్. అక్కా, సన్నాయి ముందు వచ్చేది పెట్టినా, బలే ఉంది. ఒక్కటి మిగిలింది, చివర్లో ఆకాశం నల్లబడేటప్పుడు మెల్లగా కాకుండా పట్టీలు పట్టీలుగా, గళ్లు గళ్లుగా కనపడతాంది, ఎడిట్‌లో లేదు, ఎక్స్‌పోర్ట్ చేసినాకే వస్తాంది.

అనంతపురం_అక్క

చీకటి బొమ్మ, దాని మీద నిదానమైన ఫేడ్, రెండూ కలిస్తే అట్లే వస్తుంది. మామూలు 8 బిట్ వీడియోలో నలుపు దగ్గర వెలుగు మెట్లు తక్కువ, పైగా ఫైలు చిన్నది చెయ్యాలని కంప్రెషన్ ముందు చీకటినే నొక్కుతుంది. ఎక్స్‌పోర్ట్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కి కోడెక్ ట్యాబ్‌లో క్వాలిటీ శాతం పెంచు, ఆ చివరి ఫేడ్ మూడు సెకన్లుంటే ఒకటిన్నరకి తగ్గించు. వాట్సాప్‌లో పంపేటట్టయితే వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు, లేకుంటే మళ్లీ నొక్కేస్తుంది.