సంఘ వేదిక మీద అభ్యర్థికి ఓట్లు అడగవచ్చునా? విశ్వాసికి పార్టీ విధేయత ఎంతవరకు?

ప్రశ్న: సంఘ పెద్ద, హన్మకొండ

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది హన్మకొండ శివారులోని ఒక మధ్యతరగతి సంఘం. 2023 శాసనసభ ఎన్నికల ప్రచారం ముగియబోయే ముందరి ఆదివారం ఒక అభ్యర్థి ఆరాధనకు వచ్చారు. పాస్టరు గారు ఆయనను వేదిక మీదికి పిలిచి, శాలువా కప్పి, తలమీద చేతులుంచి ప్రార్థించారు. అంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కాని ప్రార్థన ముగిసిన వెంటనే, రోమా పత్రిక 13వ అధ్యాయం పై అధికారులకు లోబడమని చెబుతున్నది గనుక మన సంఘం ఓట్లన్నీ ఒకేవైపు పడాలని పాస్టరు గారే ప్రకటించారు. తమ పార్టీ పార్లమెంటు సభ్యుని నిధుల నుంచి మందిరానికి ప్రహరీ గోడ కట్టిస్తానని అభ్యర్థి అదే వేదిక మీద మాట ఇచ్చారు. మరొక పార్టీ తరఫున తిరుగుతున్న మా యౌవనస్థుడొకడు ఇది సరికాదని బయట అన్నందుకు, అతనిని కొన్ని వారాలు పాటల బృందంలో నిలబడనివ్వలేదు.

గోడ ఇంతవరకు రాలేదు. ఆ మాట మాత్రం సంఘంలో ఇంకా నలుగుతూనే ఉన్నది. మళ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు ఇదే జరుగుతుందేమోనని పెద్దలమైన మాకు దిగులుగా ఉన్నది. ఒక విశ్వాసి ఒక పార్టీకి మనస్ఫూర్తిగా పనిచేయవచ్చునా, సంఘం సంఘంగా ఒక పార్టీ పక్షాన నిలబడవచ్చునా, ఈ రెండింటికీ తేడా ఎక్కడ ఉన్నదో వాక్యాధారంతో చెప్పగలవారు చెప్పవలసిందిగా మనవి.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

సహోదరా, మీ పాస్టరు గారు ఎత్తిన వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన ప్రాంతంలో ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ ఎక్కువగా వాడుకోబడేది ఆ అధ్యాయమే. పౌలు ఆ పత్రికను నీరో చక్రవర్తి పాలించిన కాలంలో రాశాడు. అందులో చెప్పినది పన్ను కట్టడం, చట్టానికి లోబడటం, అధికారిని గౌరవించడం. ఆ కాలపు విశ్వాసికి ఓటు లేదు, పార్టీ లేదు, పోటీ లేదు. అధికారంలో ఉన్నవానికి లోబడటం వేరు, అధికారం కోసం మన గడప ఎక్కినవానికి మాట ఇవ్వడం వేరు. అభ్యర్థి అధికారి కాడు, అర్జీదారుడు. పోలింగు నాడు అధికారం అతని చేతిలో కాక ఓటరు చేతిలో ఉంటుందని మన రాజ్యాంగమే ఏర్పాటు చేసింది. ఏలుతున్న పార్టీకే ఓటు వేయాలన్నది ఆ అధ్యాయపు భావమైతే, 2023 నవంబరు 30న ఒక పార్టీకి, డిసెంబరు 3న లెక్కింపు ముగిసి ప్రభుత్వం మారిన తరువాత మరొక పార్టీకి మన భక్తిని బదిలీ చేసుకోవలసి వచ్చేది. వాక్యానికి అంత చులకనైన అర్థం చెప్పుకుందామా?

ఆ అధ్యాయాన్ని ఒంటరిగా చదవడం వల్ల మరొక ప్రమాదం కూడా ఉన్నది. అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు, తక్కిన అపొస్తలులు మహాసభ ఎదుట నిలబడి "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్నారు. ఈ రెండు మాటలనూ ఒకే సంఘం భద్రపరచుకున్నది. విధేయత సహజ నియమం, కాని దానికి హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడో గుర్తుపట్టగలిగే స్వేచ్ఛ సంఘానికి మిగలాలంటే అది ఏ నాయకునికీ ముందుగా చేయి ఇచ్చి ఉండకూడదు. ఇశ్రాయేలు రాజైన అహాబు కొలువులో దాదాపు నాలుగు వందల మంది ప్రవక్తలు రాజుకు నచ్చిన మాటే చెప్పారు. ఇమ్లా కుమారుడైన మీకాయా ఒక్కడే రామోత్గిలాదు యుద్ధం చేటు తెస్తుందని చెప్పగలిగాడు, అందుకు చెరసాల పాలయ్యాడు. నేను గమనించినంతవరకు మన సంఘాలలో నాలుగు వందల మందికి కొరత లేదు.

చరిత్రలో నుంచి ఒక సంగతి కూడా చెప్పాలి. బ్రిటిషు పాలనలో 1935 చట్టం కింద భారత క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. రాజ్యాంగ సభలో ఉపాధ్యక్షులుగా ఉన్న హెచ్.సి. ముఖర్జీ క్రైస్తవులే, జెరోమ్ డిసౌజా జెసూట్ గురువు. మత ప్రాతిపదికన సీట్లు వద్దని, అందరితో కలిసి ఓటు వేస్తామని అంగీకరించినవారిలో వీరు ముందున్నారు. 1949లో ఆ సభ మత మైనారిటీల సీట్ల రిజర్వేషన్లను విడిచిపెట్టింది. క్రైస్తవుల ఓటును ఒక మూటగా కట్టి పక్కన పెట్టే ఏర్పాటు వద్దనుకున్న సమాజం మనది. ఆ మూటను ఇప్పుడు పాస్టర్లే కట్టి అందించడం నాకు మింగుడుపడటం లేదు.

మీ యౌవనస్థుని విషయం మాత్రం వెంటనే సరిచేయండి. పాటల బృందంలో చోటు పార్టీ సభ్యత్వాన్ని బట్టి ఇచ్చేది కాదు.

జవాబు: సహవాస విశ్వాసి, మంచిర్యాల

పెద్దలకు వందనాలు. మా కూడికలో చాలామంది ఎన్నికల జోలికే వెళ్లరు. "నా రాజ్యము ఈ లోకసంబంధమైనది కాదు" అని ప్రభువు పిలాతు ముందు చెప్పిన తరువాత, ఆయన శిష్యునికి జెండా ఎందుకన్నది మా ప్రశ్న. అధికారుల కొరకు ప్రార్థించమని మొదటి తిమోతి 2వ అధ్యాయం చెబుతున్నది, మేము ప్రతి వారమూ ప్రార్థిస్తాము, పన్ను కడతాము, తగాదాలకు వెళ్లము. పార్టీలలో చేరినవారు మొదట్లో సాక్ష్యం కోసమే చేరామంటారు. కొంతకాలానికి ఆదివారం ఆరాధన కంటే మండల సమావేశమే ముఖ్యమవుతుంది. మీ సంఘంలో జరిగినది ఆ దారిలో మొదటి మెట్టు మాత్రమే.

జవాబు: న్యాయవాది, హన్మకొండ

సంఘ పెద్ద గారికి చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. ప్రార్థనా స్థలాలను రాజకీయ కార్యకలాపాలకు వాడకూడదని, నిర్వాహకులు వాడనివ్వకూడదని 1988లో మత సంస్థల దుర్వినియోగ నివారణ చట్టం వచ్చింది. అది గుడికి, మసీదుకు, చర్చికి సమానంగా వర్తిస్తుంది, ఉల్లంఘిస్తే జైలు శిక్షకు కూడా వీలున్నది. ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా ప్రార్థనా స్థలాలను ప్రచార వేదికలుగా వాడవద్దంటుంది. అభ్యర్థి గానీ, అతని అంగీకారంతో మరొకరు గానీ మతం పేరుతో ఓటు అడిగితే 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను ప్రకారం అది అవినీతి చర్య. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం ఎత్తి అడిగినా అంతేనని 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అభిరామ్ సింగ్ కేసులో నలుగురి ఆధిక్యంతో తేల్చింది. ఫలానా వారికి ఓటు వేయకపోతే దేవుని ఉగ్రత వస్తుందని భయపెట్టడం కూడా అదే సెక్షనులోకి వస్తుంది. మీ పాస్టరు గారు అంత దూరం వెళ్లలేదు, సంతోషం.

ఇక ఆ గోడ సంగతి. పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి నిధులను ప్రార్థనా స్థలాల లోపల గానీ, మత సంస్థల సొంత భూమిలో గానీ పనులకు ఖర్చు చేయడానికి ఆ పథకపు మార్గదర్శకాలు ఒప్పుకోవు. అంటే ఇవ్వలేనిదానిని ఇస్తానని చెప్పారు, మీరు చప్పట్లు కొట్టారు.

మంచిర్యాల సహోదరుని వైఖరిని నేను పంచుకోలేను గాని, దానికి కూడా ఈ దేశంలో రక్షణ ఉన్నదని గుర్తుచేస్తున్నాను. కేరళలో యెహోవాసాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వేళ గౌరవంగా లేచి నిలబడ్డారు గాని మనస్సాక్షి ఒప్పుకోక పాడలేదు. బడి వారిని తీసివేసింది. 1986లో సుప్రీంకోర్టు బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో ఆ పిల్లల పక్షాన తీర్పు చెప్పింది. మన సంఘాలకు యెహోవాసాక్షుల సిద్ధాంతంతో పొత్తు లేకపోవచ్చు, కాని ఆ తీర్పు వల్ల గట్టిపడిన మనస్సాక్షి స్వేచ్ఛ మనందరిదీ. దేశం మీద ప్రేమను నిరూపించుకోవడానికి ఒక పార్టీ మీద ప్రేమను చూపించనక్కరలేదన్న మాట కూడా అందులో నుంచి తీసుకోవచ్చు.

జవాబు: స్త్రీల సమాజం కార్యదర్శి, పరకాల

అందరి మాటలూ చదివాను. కరీంనగర్ సార్ చెప్పినది సబబే, కాని పట్టణ సంఘాలకు నాయకుడు వద్దన్నా నడుస్తుంది, మా పల్లె సంఘాలకు అలా కాదు. మావారిలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకు, 1956 తరువాత సిక్కులకు, 1990 తరువాత బౌద్ధులకు షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది, క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో మావారిని బీసీ-సీ కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. వరంగల్ లోక్‌సభ స్థానం, వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ శాసనసభ స్థానాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినవి. బాప్తిస్మం పొందానని కాగితం మీద చెప్పుకున్న దళితుడు అక్కడ రిజర్వేషన్ కింద నామినేషన్ వేయలేడు. అందుకే ఎన్నో ఇళ్లలో బడి సర్టిఫికెట్టులో ఒక మాట, సంఘ రిజిస్టరులో ఇంకొక మాట ఉంటుంది. ఈ ముడి ఎవరు వేశారో, దానిని విప్పమని ఎవరిని అడగాలో తెలిసిన ప్రజలకు రాజకీయం వద్దని చెప్పడం తేలిక కాదు.

మంచిర్యాల అన్నా, మీ భక్తిని నేను తక్కువ చేయడం లేదు. అయితే బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవారికి, శత్రువుల పట్టణమైనా సరే దాని క్షేమం కోరమని యిర్మీయా 29వ అధ్యాయంలో దేవుడే చెప్పించాడు. మా ఊళ్లో చనిపోయినవారిని పూడ్చడానికి చోటు లేదు. దాని కోసం అర్జీ పెట్టడం ఈ లోక సంబంధమైనదే, నిజమే. శవం కూడా ఈ లోకంలోనే ఉంటుంది గదా.

మేము చేసినది ఇది. సమాధుల స్థలం కావాలని ఒకే అర్జీ రాసి, మా నియోజకవర్గంలో ప్రచారానికి వచ్చిన ప్రతి పార్టీ వారికీ మందిరం బయట, చింతచెట్టు కింద అందించాము. ఓటు సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు. ఒకాయన వేదిక అడిగితే, వెనుక బల్ల మీద కూర్చుని వాక్యం వినమని పాస్టరమ్మ గారు చెప్పారు. ఆయన విన్నారు కూడా. డిసెంబరులో ప్రభుత్వం ఇచ్చే క్రిస్మస్ విందుకు వెళ్లాలా వద్దా అని మాలో వాదన వచ్చినప్పుడు, తినడం తప్పు కాదని, తిన్నందుకు మాట ఇవ్వడం తప్పని తేల్చుకున్నాము. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవానికి మంచి స్థలం చూపించవద్దని యాకోబు 2వ అధ్యాయం చెబుతున్నది. ఖద్దరు చొక్కాకు కూడా అదే వర్తిస్తుందని నా అభిప్రాయం.

జవాబు: న్యాయవాది, హన్మకొండ

పరకాల అక్కయ్య గారికి ఒక చిన్న చేర్పు. శ్మశాన స్థలాలలో నిర్మాణాలకు ఎంపీ నిధులు వాడవచ్చు, మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. స్థలం మాత్రం ముందుగా రెవెన్యూ వారు కేటాయించాలి. మీ అర్జీ నకలు తహసీల్దారు కార్యాలయంలో కూడా ఇచ్చి రసీదు తీసుకోండి.

మళ్లీ ప్రశ్న: సంఘ పెద్ద, హన్మకొండ

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక చిక్కు ఉన్నది. మా కోశాధికారి ఒక పార్టీకి మండల స్థాయి బాధ్యుడు. నిజాయితీపరుడు, లెక్కలలో ఎన్నడూ పైసా తేడా రాలేదు. ఆయనను తప్పించడం న్యాయమా?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

విశ్వాసి పార్టీలో పనిచేయడాన్ని తప్పుపట్టే వాక్యం నాకు కనిపించలేదు. దానియేలు బబులోను, మాదీయ రాజుల కొలువులో ఉన్నత పదవిలో ఉండి కూడా, ముప్పది దినములు రాజును తప్ప మరెవరినీ వేడుకోవద్దన్న శాసనాన్ని కిటికీలు తెరిచే ధిక్కరించాడు. పదవి అతని మోకాళ్లను మార్చలేదు. మీ కోశాధికారి గారు తన పార్టీ తప్పు చేసినప్పుడు తప్పని అనగలుగుతున్నారా అన్నది ఆయనను విడిగా, ప్రేమతో అడగండి. అనగలిగితే ఆయన పార్టీలో ఉండటమే మేలు. కాథలిక్కు సంఘ చట్టం గురువులు సాధారణంగా పార్టీలలో చురుకుగా పాల్గొనకూడదంటుంది, విశ్వాసులను మాత్రం ఆపదు. ఈ తేడా మన సంఘాలకూ పనికివస్తుంది. వాక్యం చెప్పేవారికి, కానుకలు లెక్కించేవారికి కొంచెం ఎక్కువ కట్టుబాటు ఉండాలి. నామినేషన్లు మొదలైన నాటి నుంచి ఫలితాలు వచ్చేదాకా లెక్కల పుస్తకం మరొక పెద్దకు అప్పగించమని కోరండి. సంస్కారం బల్ల, పాట, సాక్ష్యం, ఇవన్నీ ఆయనకు ఎప్పటిలాగే ఉండాలి.

జవాబు: సంఘ పెద్ద, హన్మకొండ

వచ్చే పెద్దల కూడికలో ఈ అంశాలు పెడతాను: ఎన్నికల కాలంలో ఏ అభ్యర్థికీ వేదిక ఇవ్వకపోవడం, పోటీలో ఉన్న అందరి పేర్లూ చదివి ప్రార్థించడం, పుస్తకం అప్పగింత. యౌవనస్థుడు ఇప్పుడు పాటల బృందంలోనే ఉన్నాడు, అయితే అతనితో జరిగినదాని గురించి పాస్టరు గారు ఇంకా మాట్లాడలేదు. ఆ పని ముందు జరగాలని ఇద్దరు పెద్దలు పట్టుబడుతున్నారు. గోడ మాకు వద్దని ఆ నాయకునికి ఉత్తరం రాయాలా, రానిదానిని వద్దనడమేమిటని ఊరుకోవాలా అన్నదానిపై ఇంకా ఏకాభిప్రాయం లేదు.