కంప్యూటర్ క్యాబినెట్‌కు ముందువైపు గాజు పలకా, జాలీయా?

గాలిమర (చర్చ ప్రారంభం):
ముందూ పక్కా టెంపర్డ్ గ్లాస్ బిగించిన అక్వేరియం తరహా కంప్యూటర్ క్యాబినెట్లదే ఇప్పుడు హవా. గాలి వచ్చే ముందుదారిని మూసేసి, ఆ లోటును ఫ్యాన్ల సంఖ్యతో పూడ్చుకోవడం తిరోగమనమని నా వాదన. 2016 నాటి ఎన్‌విడియా జీటీఎక్స్ 1080 గ్రాఫిక్స్ కార్డుకు 180 వాట్లు సరిపోయేవి, 2025 నాటి ఆర్‌టీఎక్స్ 5090కి 575 వాట్లు కావాలి. ఇంత వేడి పుట్టే పెట్టెకు జాలీ తప్ప వేరే దారి ఉందా?

అద్దాలమేడ:
గాజును ముద్దాయిని చేయడం తొందరపాటు. ఏటీఎక్స్ అమరికలో (మదర్‌బోర్డు, దాని భాగాలు పెట్టెలో ఎక్కడ ఉండాలో చెప్పే ప్రమాణం) గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు సాధారణంగా కిందికే చూస్తుంటాయి కాబట్టి, ఈ పెట్టెల్లో అడుగున బిగించిన ఫ్యాన్ల గాలి మధ్యలో అడ్డేమీ లేకుండా నేరుగా వాటికే అందుతుంది. ముందు జాలీ నుంచి వచ్చే గాలిలో కొంత కార్డును తాకకుండానే పైకి వెళ్లిపోతుంది.

గాలిమర:
అడుగు ఫ్యాన్ల మేలును కాదనను. కానీ వాటి కింద దుమ్మును ఆపే ఫిల్టర్‌ను ఎప్పుడైనా బయటికి లాగి చూశారా? నా పాత పెట్టెలో అది బూడిదరంగు కంబళిలా తయారైంది, వేలితో గీస్తే గీత పడింది. దాన్ని వెనుకనుంచే లాగాలి కనుక, ప్రతిసారీ కేబుళ్లన్నీ ఊడదీయాల్సి వచ్చేది. ముందు జాలీనైతే నిలబడి తుడవవచ్చు.

పాతకాపు:
మీరిద్దరూ పలకల గురించే తగవు పడుతున్నారు, అసలు చిక్కు 1995 నాటి ఏటీఎక్స్ అమరికలో ఉంది. పెంటియం 4 ప్రాసెసర్ వేడికి తాళలేని రోజుల్లో, గాలి ముందునుంచి వెనక్కి సూటిగా సాగేలా ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త అమరికను తెచ్చింది. తర్వాతి ప్రాసెసర్లు చల్లబడ్డాక దాని అవసరం తీరిపోయింది. ఇప్పుడు వేడి కార్డులో పుడుతోంది, అమరిక మాత్రం పాతదే. ఎన్‌విడియా సొంత 5090 కార్డు గాలిని తన గుండా పైకి నెడుతుంది, ఆ వేడిగాలిని ప్రాసెసర్ కూలర్ పీల్చుకుంటుంది. పైకప్పున లిక్విడ్ కూలర్ రేడియేటర్ (నీటిలోని వేడిని గాలికి వదిలే భాగం) పెట్టుకున్నా అదే గాలి దాని గుండా బయటికి పోవాలి, లిక్విడ్ కూలర్ వేడిని మాయం చేయదు కదా. కనెక్టర్లను మదర్‌బోర్డు వెనక్కి మార్చిన ఆసుస్ బీటీఎఫ్, ఎంఎస్‌ఐ ప్రాజెక్ట్ జీరో వంటివి చూడముచ్చటగా ఉంటాయి, చల్లదనానికి వాటి సాయం స్వల్పం.

మీ తగవు తేలాలంటే, ఒకే ఆటను అరగంట ఆడి కార్డు ఉష్ణోగ్రత రాసుకోండి, ఆపై పక్క పలక తీసేసి మళ్లీ అరగంట ఆడండి. బాగా తగ్గితే మీ పెట్టెకు గాలి చాలడం లేదు.

అద్దాలమేడ:
తీసి చూశాను. రెండు డిగ్రీలే తగ్గింది. గాలిమర గారూ, మీ జాలీ పెట్టె సంగతేమిటి?

గాలిమర:
నాలుగు. అయితే ఫిల్టర్ కడిగి మళ్లీ చూస్తాను.