అప్‌డేట్: డ్రాగ్ అంబాసిడర్ వెనక టైరు రాసుకోవడం ఆగింది

డ్రాగ్ రేసు (తిన్నటి ట్రాక్ మీద స్పీడు పందెం) లాంచ్‌లో, అంటే నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకించినప్పుడు, బండి వెనక్కి కూర్చోగానే టైరు మడ్‌గార్డ్ అంచుకి రాసుకుంటోందని పర్లాకిమిడి నుంచి అడిగింది నేనే. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. షాకబ్జార్బర్లు (కొత్తవి వేయించి డబ్బులు వదిలించుకున్నా), గాలి ప్రెషర్, రెండూ కారణం కాదు.

బ్యాక్‌స్పేసింగ్ మళ్లీ కొలవమన్న అన్నదే కరెక్ట్. బరంపురంలో లేత్ బాబాయ్ రిమ్మును బోర్లా పెట్టి, వెనక అంచు మీద ఇనుప స్కేలు అడ్డంగా వేసి, అక్కణ్నుంచి హబ్‌కి ఆనే చోటు దాకా కొలిస్తే (అదే బ్యాక్‌స్పేసింగ్) సరిగ్గా 4 అంగుళాలు. 8 అంగుళాల రిమ్ము, సగం 4, జీరో ఆఫ్‌సెట్ (హబ్‌కి ఆనే చోటు రిమ్ము వెడల్పుకి సరిగ్గా నడుమ ఉండటం) అనుకుని ఆర్డరిచ్చింది నేనే మరి! 8 అంటే టైరు బీడ్ (టైరు లోపలి గట్టి అంచు) కూర్చునే చోటి వెడల్పట, బయటి అంచుల మధ్య దాదాపు 9 ఉంటుంది, అంటే జీరోకి 4.5 కావాలి, నా చక్రం అర అంగుళం బయటికి పొడుచుకొచ్చింది.

4.5 బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ములు వేశాం, రిమ్ము సైజు మాత్రం 15 అంగుళాలే ఉంచాం. లోపల కమాన్‌పట్టీకి ఇంకా అంగుళం ఖాళీ ఉంది.