ముత్తాత శిస్తు రసీదుల్లో అంకె తగ్గింది, భూమి అమ్మేసినట్టేనా?

ప్రశ్న: మాది పిఠాపురం దగ్గర పల్లె. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ముత్తాత పేరు మీద రెండు శిస్తు రసీదులు దొరికాయి, రెండింటి మీదా సంస్థానం ముద్ర ఉంది. ఫసలీ 1346 దాని మీద 7-10-6 అని ఉంటే తేదీ అనుకున్నాను. ఫసలీ 1358 దాని మీద 5-2-0 ఉంది. వీటితోపాటు ‘మక్తా ఏటా 2 పుట్లు’ అని రాసిన చీటీ ఒకటి. మధ్యలో కొంత భూమి అమ్మేశారని మావయ్య అంటున్నాడు. ఇంట్లో అదే గొడవ, కాస్త టెన్షన్‌గా ఉంది.

జవాబు: తేదీ కాదండీ. 7 రూపాయల 10 అణాల 6 పైలు. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. ఫసలీ అంటే జూలై నుంచి జూన్ దాకా నడిచే రెవెన్యూ ఏడాది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది: 1346 అంటే 1936 జూలై నుంచి 1937 జూన్ దాకా, 1358 అంటే 1948-49.

మరో జవాబు: నేను రెవెన్యూలో చేసి రిటైరయ్యాను. ముద్ర సంస్థానానిది కాబట్టి ఆ శిస్తు సర్కారుకు కట్టింది కాదు, దివాణానికి, అంటే జమీందారు కచేరీకి కట్టింది. జమీందారు సర్కారుకు పేష్కష్ అనే స్థిరమైన మొత్తం కట్టేవాడు, రైతు జమీందారుకు శిస్తు కట్టేవాడు. జమీందారీ రైతులకు రక్షణగా 1908 ఎస్టేట్ల భూమి చట్టం ఉన్నా, జమీందారీ శిస్తులు పక్కనున్న రైత్వారీ ఊళ్ల (రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే ఊళ్ల) కన్నా ఎక్కువే ఉండేవి. అందుకే 1947లో మద్రాసు ప్రభుత్వం శిస్తుల తగ్గింపు చట్టం తెచ్చింది. మీ రెండో రసీదు ఆ తర్వాతది. భూమి తగ్గకుండానే అంకె తగ్గి ఉండొచ్చు. మావయ్యగారితో పేచీ పెట్టుకునే ముందు రెండు రసీదుల్లో పట్టా నంబరు ఒకటేనా చూడండి.

అడిగినవారు: చూశానండీ, ఒకటే నంబరు. సర్వే నంబర్లు మాత్రం లేవు. మరి మక్తా సంగతి?

రిటైరైనవారు: నంబరు ఒకటే కావడం మంచిదే. కానీ ఒకే పట్టాలో నాలుగైదు చెక్కలు ఉంటాయి, అందులో ఒకటి అమ్మినా నంబరు మారకపోవచ్చు. ఊరు 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం కింద సర్కారు తీసుకున్నదైతే, తర్వాత భూములు కొలిచి శిస్తు ఖరారు చేసినప్పుడు రాసిన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ అనే రిజిస్టర్‌లో మీ ముత్తాత పేరు వెతకండి. సర్వే నంబరూ విస్తీర్ణమూ అందులో దొరుకుతాయి. ఎ. 3-42 అని ఉంటే 3 ఎకరాల 42 సెంట్లు. నకలు కోసం ముందు తహసీల్దారు ఆఫీసులో, లేదంటే కలెక్టరేట్ రికార్డు రూములో దరఖాస్తు పెట్టండి. అమ్మకం జరిగిందా అన్నది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో తేలుతుంది. శిస్తు రసీదు ఒక్కటే హక్కుపత్రం కాదు.

ఇక మక్తా వేరే లెక్క. పొలం చేసే కౌలుదారు ఏటా ఇవ్వాల్సిన ధాన్యం అది. పుట్టికి 20 తూములు, కానీ కొలత ఊరూరికీ మారేది. ఆ చీటీ మీవాళ్లు ఇచ్చినదో పుచ్చుకున్నదో పేర్లు చూస్తే తెలుస్తుంది.

ఇంకొకరు: మాది నల్గొండ. మాకూ ఇవే రిజిస్టర్లా?

రిటైరైనవారు: కాదండీ. మీకు సేత్వార్ (తొలి సర్వే రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (భూమి, సాగు వివరాల రిజిస్టరు) చూడాలి. మీ దగ్గర ఎకరానికి 40 గుంటలు, సెంట్లు కావు.

అడిగినవారు: సోమవారం తహసీల్దారు ఆఫీసుకు వెళ్తాను. రసీదులు చిరిగిపోతున్నాయి, లామినేషన్ చేయించనా?

రిటైరైనవారు: వద్దు వద్దు! ఫొటోలు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టకుండా తెల్ల కాగితం మడతలో ఉంచండి. ఆఫీసుకు జిరాక్సులే పట్టుకెళ్లండి.