రైళ్ల ఈఆర్ చిత్రం నుంచి టేబుళ్లు: ఏవి వేరు చేయాలి, ఎందుకు?

ప్రశ్న

కోర్సు ప్రాజెక్టు కోసం రైళ్ల సమయపట్టికకూ టికెట్ల నమోదుకూ ఒక డేటాబేస్ రూపొందిస్తున్నాను. ఈఆర్ (ఎంటిటీ-రిలేషన్‌షిప్) చిత్రంలో రైలు, స్టేషన్, టికెట్, ప్రయాణికుడు అనే ఎంటిటీలు (వివరాలు నమోదు చేయాల్సిన అంశాలు) ఉన్నాయి. ఒక రైలు అనేక స్టేషన్లలో, ఒక స్టేషన్‌లో అనేక రైళ్లు ఆగుతాయి కాబట్టి ఆ రెండింటి మధ్య ‘ఆగుతుంది’ అనే రిలేషన్‌షిప్ గీశాను. దాన్ని రైలు నంబరు, స్టేషన్ కోడ్, స్టేషన్ పేరు, డివిజన్, జోన్, రాక, పోక అనే కాలమ్‌లతో ఒకే టేబుల్‌గా మార్చి, మొదటి రెండింటినీ కలిపి ప్రైమరీ కీగా (ప్రతి వరుసనూ విడిగా గుర్తించేదిగా) పెట్టాను. ఇందులో ఏవి వేరు చేయాలో ఈ టేబుల్ ఆధారంగానే ఎవరైనా వివరించగలరా? ప్రయాణికుడికి కీ ఏదన్నది కూడా తేలడం లేదు.

మొదటి జవాబు

నార్మల్ ఫారాల (పునరుక్తి లేకుండా టేబుళ్లను విడదీసే నియమాల) పేర్లు కాసేపు పక్కన పెట్టి, ఏది తెలిస్తే ఏది ఖాయంగా తెలుస్తుందో ముందుగా రాసుకోండి. స్టేషన్ కోడ్ తెలిస్తే పేరు, డివిజన్ తెలుస్తాయి. వాటికి రైలు నంబరుతో పని లేదు. డివిజన్ తెలిస్తే జోన్ తెలుస్తుంది. రాక, పోక వేళలకు మాత్రం రైలూ స్టేషనూ రెండూ కావాలి. కాబట్టి స్టేషన్, డివిజన్, హాల్టు (రైలు ఆగడం) వేర్వేరు టేబుళ్లు కావాలి. పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించిన ఈఆర్ నమూనా ఎంటిటీల మధ్య సంబంధాలను చక్కగా చూపుతుంది గానీ, ఒక కాలమ్ తెలిస్తే మరొకటి తెలియడమనే ఈ ఆధారపడటాన్ని విడిగా చూపదు. అందుకే చిత్రం గీశాక కూడా ఈ పని మిగులుతుంది.

ఇది ఎంత ముఖ్యమో మన ప్రాంతంలోనే చూడవచ్చు. 2019లో దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను ప్రకటించినప్పుడు విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లను దక్షిణ మధ్య రైల్వే నుంచి అందులోకి మార్చాలని నిర్ణయించారు. మీ టేబుల్‌లో అయితే ఆ డివిజన్ల స్టేషన్లలో ఆగే ప్రతి రైలుకూ ఉన్న ప్రతి వరుసలో జోన్ మార్చాలి, ఒక్కటి తప్పినా ఒకే స్టేషన్ రెండు జోన్లలో కనిపిస్తుంది. డివిజన్‌కు వేరే టేబుల్ ఉంటే మూడు వరుసలు మారిస్తే చాలు. అదే నిర్ణయంలో వాల్తేరు డివిజన్‌ను విడదీసి, ఒక భాగాన్ని రాయగడ కేంద్రంగా తూర్పు కోస్తా రైల్వేలో ఉంచాలన్నారు. అక్కడ మాత్రం ఏ స్టేషన్ ఏ డివిజన్‌కు చెందుతుందన్నదే మారుతుంది కాబట్టి స్టేషన్ల వరుసలు మార్చడం సహజమే.

రెండో జవాబు

పై వివరణతో ఏకీభవిస్తూ, కీ గురించి ఒక అభ్యంతరం చెబుతాను. రైలు నంబరు, స్టేషన్ కోడ్ కలిస్తే వరుస ఒక్కటే అవుతుందని మీరు అనుకుంటున్నారు. ఢిల్లీ రింగ్ రైల్వేలో నిజాముద్దీన్‌లో బయలుదేరిన బండి చుట్టూ తిరిగి నిజాముద్దీన్‌కే చేరుతుంది. అలాంటి బండిని మీ టేబుల్‌లో నమోదు చేయలేరు. రైలు నంబరుకు హాల్టు క్రమసంఖ్యను జోడించి కీ చేయండి, స్టేషన్ కోడ్ ఫారిన్ కీగా (స్టేషన్ టేబుల్‌లోని వరుసను సూచించేదిగా) ఉంటుంది. అలాగే గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం విశాఖపట్నంలో బయలుదేరి మర్నాడు ఉదయం హైదరాబాద్ చేరుతుంది కాబట్టి, వేళతో పాటు అది ప్రయాణంలో ఎన్నో రోజో కూడా ఉండాలి.

స్టేషన్ పేర్లు కూడా ఎక్కడా పునరావృతం కావనుకుంటే మీ పాత టేబుల్‌లో రైలు నంబరు, పేరు కలిసి మరో కీ అవుతాయి. అప్పుడు పేరు కూడా ఒక కీలో భాగమే కనుక, కోడ్‌తో పాటు పేరు ప్రతి వరుసలో పునరుక్తమవుతున్నా మూడో నార్మల్ ఫారం దాన్ని తప్పు పట్టదు. దానికన్నా కఠినమైన బాయిస్-కాడ్ నార్మల్ ఫారం ఆ లొసుగును మూస్తుంది.

అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. స్టేషన్, డివిజన్, హాల్టు విడిగా పెట్టాను. దూరాన్ని బట్టి ఛార్జీని లెక్కించవచ్చు కదా, టికెట్ టేబుల్‌లో ఛార్జీ కాలమ్ తీసేయాలా? బెర్తులను కామాలతో ఒకే కాలమ్‌లో రాయవచ్చా?

మూడో జవాబు

ఛార్జీ తీయవద్దు. రేట్లు తర్వాత మారవచ్చు. కొన్ననాడు చెల్లించిన మొత్తం అనేది ఆ టికెట్‌కే చెందిన స్వతంత్రమైన వాస్తవం, రద్దు చేసినప్పుడు లెక్క దానిమీదే జరగాలి.

ప్రయాణికుడు ఇక్కడ వీక్ ఎంటిటీ. పీఎన్ఆర్ లేకుండా అతని వరుసకు ఉనికి లేదు కనుక పీఎన్ఆర్, అందులో అతని వరుససంఖ్య కలిసి కీ అవుతాయి. రైలు, తేదీ, ఎక్కే హాల్టు, దిగే హాల్టు టికెట్ టేబుల్‌లోను, పేరు, వయసు, కోచ్, బెర్తు ప్రయాణికుడి టేబుల్‌లోను ఉండాలి. బెర్తులను కామాలతో కలిపితే ఫలానా బెర్తు ఎవరిదో వెతకడమే కష్టమవుతుంది.

ఒక జాగ్రత్త: రైలు, తేదీ, కోచ్, బెర్తు కలిపి యూనిక్ అని నిబంధన పెట్టకండి. విజయవాడలో ఒకరు దిగిన బెర్తును అక్కడి నుంచి హైదరాబాద్ వరకు మరొకరికి ఇవ్వవచ్చు. ఒకే బెర్తుకు చెందిన రెండు టికెట్ల ఎక్కే, దిగే హాల్టుల క్రమసంఖ్యలు ఒకదానిపై ఒకటి పడకూడదన్నది ఇక్కడి అసలు నిబంధన. ఏ నార్మల్ ఫారమూ దీన్ని చూసుకోదు, దీన్ని ట్రిగ్గర్‌తోనో (వరుస మారినప్పుడు డేటాబేస్ తనంతట తానే నడిపే కోడ్) టికెట్ ఇచ్చే ట్రాన్సాక్షన్‌లోనో (అన్నీ కలిసి పూర్తయ్యే లేదా కలిసి రద్దయ్యే పనుల వరుస) విడిగా తనిఖీ చేయాలి.